నా రాజీనామా సాక్ష్యం

ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. ఒట్టు. ఒట్లు పెట్టుకోవడం విశ్వాసులకు తగదని మా అత్తగారంటారు గనుక ఆవిడ చెవిన పడకుండా, మెల్లగా, కానీ గట్టిగానే పెడుతున్నాను.

మొన్న హైదరాబాదు నుంచి పాత ఆఫీసు మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. అతనికీ ఉద్యోగం మీద విసుగు పుట్టిందట. "మీరప్పుడు ఎందుకు మానేశారు సార్? సరిగ్గా చెబితే నేనూ ఓ నిర్ణయానికొస్తాను," అన్నాడు. చెబుదామని నోరు తెరిచాను. ఏ కారణం చెప్పాలో తోచలేదు. కారణాలు లేక కాదు, మరీ ఎక్కువై. సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను. నరసాపురంలో మా డాబా మీద సిగ్నల్ దివ్యంగా ఉంటుంది.

ఏడేళ్ళ కిందట నేనో ఇన్సూరెన్సు కంపెనీలో, పదహారో అంతస్తులో మేనేజర్ని. ఏడాదికోసారి మా కంపెనీ ఎక్కడో ఓచోట సేవ చేసి ఫొటోలు దిగేది. ఆ ఏడు, ఊరు తెలిసినవాణ్ణని నన్ను నరసాపురం పంపారు. అక్కడ లేసు అల్లే ఆడవాళ్ళకు చత్వారపు కళ్ళజోళ్ళు పంచే చిన్న విదేశీ సంస్థ ఒకటుంది. చిన్నదంటే మరీ చిన్నది. సముద్రాలవతల రిటైరైన ఓ దంపతుల వంటింటి బల్లే దాని హెడ్డాఫీసు. నేనందించిన మొదటి జోడు నలభై అయిదేళ్ళావిడ పెట్టుకుని, ఒళ్ళో ఉన్న లేసు పువ్వు వైపు చూసింది. ఇక నవ్వుతుందని ఫొటోగ్రాఫరు కాచుకుని ఉన్నాడు. ఆవిడ నవ్వలేదు. దారం కొస పట్టుకుని లాగడం మొదలెట్టింది. నాలుగు రోజుల అల్లిక వరసలు వరసలుగా ఊడిపోయి ఒళ్ళో దారపు కుప్పయింది. "ఇన్నాళ్ళూ బాగానే అల్లుతున్నాననుకున్నానండి. ఇన్ని తప్పులున్నాయని ఒక్కరూ చెప్పలేదేంటండి?" అంది. ఆవిణ్ణి క్షమించమనాలో, మెచ్చుకోవాలో తెలీక నేను గ్లాసెడు మంచినీళ్ళు తాగాను. నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చి ఆ వంటింటి బల్ల కొలువులో చేరిపోయాను.

ఎందుకని అందరూ అడిగారు. బాసుకు నడుంనొప్పి అన్నాను. అన్నయ్యకు కంపెనీ మునగబోతోందన్నాను. పాపం, ఆయన పాలసీ రద్దు చేసుకున్నాడు. వీడియో కాల్లో ఆ దంపతుల్లోని విదేశీ ఆవిడకు, మా మామ్మ లేసు అల్లీ అల్లీ చూపు పోగొట్టుకుందని చెప్పాను. మామ్మ జన్మలో లేసు ముట్టుకోలేదు. మండపేట రైసుమిల్లులో పనిచేసింది, తొంభయ్యో ఏట కూడా చేటలో రాయిని వీధిగుమ్మం నుంచే కనిపెట్టేది. విదేశీ ఆవిడ మాత్రం కళ్ళు తుడుచుకుంది.

నా భార్యకు, హైదరాబాదు ట్రాఫిక్ పడట్లేదని చెప్పాను. ఆవిడ బ్యాంకులో లోన్ల సీటు చూస్తుంది. ఇరవై ఏళ్ళుగా జనం చెప్పే కారణాలు వింటోంది. "ఇది నాలుగోదండి. నిజమేదో ఒక్కటి చెప్పండి, బదిలీ పెట్టుకుని మీతో వచ్చేస్తాను. లేదంటే మీరక్కడ, నేనిక్కడ," అంది. బెదిరించినట్టు కాదు, రైలు టైము చెప్పినట్టు.

నిజం నాకు తెలిస్తే కదా!

కారణం అడగనిది మా అత్తగారొక్కరే. ఆవిడ నరసాపురం మిషన్ స్కూల్లోనే టీచరుగా రిటైరయ్యారు. విదేశీ సంస్థ అన్న మాట వినగానే, "పిలుపొచ్చింది బాబూ! నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను," అన్నారు.

"కళ్ళజోళ్ళండీ అత్తయ్యగారూ. అంతే."

"చూపివ్వడం అంతేనా అల్లుడుగారూ?" అనేసి, పాస్టరుగారితో చెప్పి చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించేశారు. కూడికలో నేను సాక్ష్యం చెప్పాలి. అంటే, ఆ పిలుపు నాకెలా వచ్చిందో అందరి ముందూ నిలబడి వినిపించాలి. నా భార్య హైదరాబాదు నుంచి వచ్చి ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంది.

లేచాను. నాలుగు కారణాలూ ఒక్కసారే నాలుక మీదికొచ్చి తోసుకున్నాయి. "ఎందుకు మానేశానో నాకు తెలీదండి," అన్నాను. ముందు వరసలో ఓ పెద్దాయన అలవాటుకొద్దీ "ఆమేన్" అన్నారు. అత్తగారు తల దించుకున్నారు. నా భార్య తల పైకెత్తింది. రెండు నెలల్లో బదిలీ మీద వచ్చేసింది.

ఇంత ఓపిగ్గా చదివారు గనుక ఒప్పుకుంటున్నాను. ఆ "తెలీదండి" అన్న మాట నా కల్పన. ఆరోజు నేను చెప్పింది వేరు. గోదావరి దాటుతుంటే నేనెక్కిన పంటు పడవ నడిమధ్యలో తుఫానులో చిక్కుకుందనీ, చీకట్లో ఓ వెలుగు కనబడిందనీ, ఒడ్డెక్కగానే ఉద్యోగం వదిలేశాననీ పావుగంట చెప్పాను. సగం చర్చి ఏడ్చింది. అత్తగారైతే గర్వంతో వారం రోజులు కిందికి చూడలేదు. నా భార్య ఒక్కతే పొడి కళ్ళతో వింది. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, "పదండి," అంది. అంతే. అయినా వచ్చేసింది. ఎందుకొచ్చావని ఏ ముఖం పెట్టుకుని అడగను? అనాల్సిన ఆ ఒక్క మాటా ఆరోజు అనలేకపోయాను. ఆవిడ చదువుతుందని ఇక్కడ రాసుకున్నాను. ఇంకో చిక్కేంటంటే, ఏడేళ్ళు గడిచేసరికి ఈమధ్య నాకా తుఫాను కొంచెం కొంచెంగా గుర్తుకొస్తోంది. చొక్కా తడిసిన సంగతితో సహా.