కలిమా చెప్పకుండా కోసిన తివాచీ

కోపం మింగేసుకునే మనిషిని నేను. ఇది మాత్రం మింగుడు పడలేదు.

ఈ అరబ్బు దేశంలో, అల్ హైల్‌లో మేం పనిచేసే తివాచీల దుకాణం వెనక గదిలో ఇట్టో అక్క మగ్గం ఉంది. మా కడప మగ్గాల్లా గుంటలో కాళ్ళు పెట్టి నేసేది కాదు, గోడలా నిలబడి ఉంటుంది. అక్కది మొరాకో కొండల్లోని అమాజిగ్ తెగ ఇల్లు. పెనిమిటి పోయాక ఈ మగ్గం మీదే కూతురు తూదాను పెంచింది. నేను నమాజు చదివి వచ్చేసరికి నా టీ గ్లాసు మీద మూత పెట్టి ఉంచేది.

తూదాకు అరబ్బీ తప్ప తల్లి మాట సరిగా రాదు. అందుకే అక్క ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, నేసే ప్రతి గుర్తుకూ తన భాషలో పేరు చెప్పించేది. అన్నీ వచ్చాయి. చివరి మాటలే మిగిలాయి.

"తివాచీకీ ప్రాణం ఉంటుంది జైనబీ," అనేది. "మగ్గం మీంచి కోసిన రోజు పోతుంది. పోయేవాళ్ళ నోట్లో నీళ్ళు పోయమా? అల్లా ఒక్కడేనని కలిమా చెప్పమా? దీనికీ అంతే. ముందు మా భాషలో సాగనంపే మాటలు, తర్వాత కలిమా. ఆ మాటలు కోసే రోజే చెప్పాలి. మా అమ్మ నాకట్లాగే నేర్పింది."

మొదట్లో "తోబా తోబా, తివాచీకి కలిమానా!" అన్నాను. నాలుగు నెలలు ఆమె వేళ్ళు చూశాక నోరు మూసుకున్నాను.

ఆదివారం తూదా ఉద్యోగానికి దూరాన సోహార్ ఊరికి వెళ్ళిపోతుంది. అందుకే దానికి ముందు శుక్రవారమే తివాచీ కోద్దామనుకున్నారు.

గురువారం మేం నమాజులో ఉండగా మేనేజర్ ప్రభాకర్ సార్ కత్తితో పడుగు కోసేశాడు.

"కస్టమర్‌కు తొందరమ్మా. దారాలే కదా, శవమేమన్నానా?" అని నవ్వాడు.

అక్కకు తెలుగు రాదు. నాకు వచ్చు. ఒళ్ళు మండిపోయింది.

అక్క వేలాడే కొసలు పట్టుకుని నేల మీద కూలబడింది. ఆ కొసలకు ముడులు వేయకపోతే పేకంతా జారిపోతుంది. ఆమె వేయనంది.

"జైనబమ్మా, నువ్వు నేర్చుకున్నావుగా. కట్టెయ్."

"నాకు రాదు సార్."

నమాజు చదివి వచ్చిన నోటితోనే అబద్ధం. అల్లా క్షమించాలి. మళ్ళీ అడిగినా అదే చెప్తాను.

"ఇంత చిన్న పని రాదా?"

"కోసినంత సులువు కాదు సార్ కట్టడం."

శుక్రవారం తూదా వచ్చింది. బయట కస్టమర్ కారు హారన్ కొడుతోంది. అక్క వేళ్ళు నీళ్ళలో ముంచి, తెగిన కొసలను తడుపుతూ ఒక రోజు ఆలస్యంగానైనా సాగనంపే ఆ మాటలు మొదలుపెట్టింది. తూదా తడబడింది. అక్క మళ్ళీ చెప్పించింది.

"ఇంకెంతసేపు?" అని ప్రభాకర్ సార్ తలుపు నెట్టాడు.

"చావింట్లో హారన్ కొడతారా సార్?" అని గడియ పెట్టేశాను.

మూడోసారి తూదా తడబడలేదు. కలిమా ముగ్గురం చెప్పాం. ఆ తర్వాతే మొదటి ముడి పడింది. అది తూదా వేసింది.