దీపం పెట్టాక ఊడ్చిన కుకీలు

నా డైరీలో కూడా రాసుకోని సంగతి ఒకటుంది. పావగడ బజారులో మా పెదనాయన అంగడిలో పనిచేసిన రోజుల్లో ఒక సాయంత్రం, ఆయన దేవుడికి దీపం పెట్టిన తరువాత, నేను అంగడి కంప్యూటర్‌లోని కుకీలన్నీ ఊడ్చేశాను. ఇందులో దాచుకోవడానికి ఏముందని మీరు అనుకోవచ్చు. అంగళ్లు నడుపుకునే ఇళ్లలో పుట్టినవాళ్లకు మాత్రం తెలుస్తుంది, దీపం పెట్టాక ఇల్లు గానీ అంగడి గానీ ఊడ్వకూడదు, ఊడిస్తే లక్ష్మి వెళ్లిపోతుందంటారు.

నిన్న సోలార్ పార్కులో నేను పనిచేసే ఆఫీసులో, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ నుంచి ఏవో ఫైళ్లు తీయమంటే తెరిచాను. తెర మీద, అంగడిలో నేను వాడిన పాత బ్రౌజర్ నీలం గుర్తు ఇంకా ఉంది. చాలా కాలానికి చుట్టాన్ని చూసినట్టనిపించి నొక్కాను. అది తెరుచుకోలేదు. దాని బదులు కొత్త బ్రౌజర్ వచ్చి, పాతది ఇక పనిచేయదని చెప్పి, ఆ వెంటనే కుకీలకు ఒప్పుకుంటారా అని అడిగింది. అప్పుడు మా పెదనాయన గుర్తుకొచ్చారు.

ఆయన అంగడి ముందు భాగంలో బెల్లం, చింతపండు, శనగనూనె డబ్బాలు ఉండేవి, వెనక గోడకు ఆనించి ఒకే ఒక కంప్యూటర్, దాని పక్కన ప్రింటర్. పీయూసీ, అంటే ఇంటర్, అయ్యాక నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. రోజూ అరసికెరె అనే మా పల్లె నుంచి బస్సులో వచ్చేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేని నాకు గోడవైపు ముఖం పెట్టుకుని చేసే ఆ పని బాగా నచ్చింది. గిరాకీ లేనప్పుడు ఒక వెబ్‌సైటులో ధారావాహిక నవల చదువుకునేదాన్ని. ముందురోజు ఏ పేజీలో ఆగానో అది గుర్తుపెట్టుకుని, తెరవగానే తిన్నగా అక్కడికే తీసుకుపోయేది. ఎవరో నా కోసం పుస్తకంలో నెమలీక పెట్టి ఉంచినట్టు ఉండేది.

కంప్యూటర్ బాగుచేసే అతను వచ్చినప్పుడు, నెలకోసారైనా కుకీలు తీసేయకపోతే ఇది నెమ్మదించిపోతుందని చెప్పి వెళ్లాడు. అవేమిటని పెదనాయన అడిగితే, మనం చూసిన వెబ్‌సైటు మళ్లీ మనల్ని గుర్తుపట్టడానికి ఈ కంప్యూటర్‌లో వదిలిపోయే చిన్న గుర్తులని నాకు తెలిసినంతలో చెప్పాను.

"గిరాకీ మొగం గుర్తు పెట్టుకునేదా? అది మన గుణమే గదా పాపా. దాన్ని తుడిసేదెందుకు?" అన్నారు. బెల్లం ముక్కలు చేస్తూనే, "సరే, ఊడ్సేదైతే పొద్దు గుంకకముందే ఊడ్సెయ్. దీపం పెట్టినాక మాత్రం దాని జోలికి పోవద్దు" అన్నారు. ఆయన లెక్కలో అదీ ఊడ్చడమే. నేనూ నెలకోసారి పగటిపూటే ఊడుస్తూ వచ్చాను.

ఆ బ్రౌజర్‌కు అప్పటికే వయసు మీరింది. ఏ పేజీ తెరిచినా మీది పాత బ్రౌజర్ అని పైన ఒక పసుపు పట్టీ వచ్చేది, సగం బొమ్మలు కనిపించేవి కావు. కొత్తది పెట్టించమని ఎవరైనా అంటే, "కండ్లు సరిగా కనపడవని మీ నాయన్ను ఇంట్లోనుంచి పంపించినావేమప్పా?" అని ఆయన అడిగేవారు. మార్కుల కార్డుల పేజీ ఒక్కటి ఆ పాతదానిలోనే సరిగ్గా వచ్చేది గనుక అలా అన్నవాళ్లే మళ్లీ దాని ముందుకే వచ్చేవారు.

క్యాతగానచెర్లు అనే పల్లె నుంచి ఒక అక్క వచ్చేది. చిన్నప్పుడు గొర్రెల వెంట తిరిగిన బీళ్లలోనే ఇప్పుడు సోలార్ పలకలు లేచాయని, వాటి పని నేర్చుకోవాలని ఆమె కోరిక. ఐటీఐ చదివింది. బెంగళూరులో ఇచ్చే శిక్షణకు ఒకసారి పిలుపు వస్తే, ఫోన్ తీసిన వాళ్ల అన్న మా చెల్లికి ఇష్టం లేదని చెప్పి పెట్టేశాడట. అందుకే రెండోసారి ఈమెయిల్ ఇచ్చి, సాయంత్రాలు మా అంగడికి వచ్చి చూసుకునేది. చిక్కేమిటంటే ఆ అన్న కూడా తన డ్రైవర్ ఉద్యోగం సంగతి చూసుకోవడానికి పొద్దున్నే ఆ కంప్యూటర్ దగ్గరికే వచ్చేవాడు. నా బస్సు వచ్చేసరికి ఆలస్యమయ్యేది కాబట్టి పెదనాయనే దాన్ని ఆన్ చేసి అతన్ని కూర్చోబెట్టేవారు.

ఆ సాయంత్రం ఆమెకు పిలుపు వచ్చింది. వస్తానని జవాబు రాసి పంపగానే బయట బస్సు హారన్ మోగింది. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "మా అన్న అడిగితే నేనొచ్చినట్టు చెప్పొద్దు పాపా" అని పరుగెత్తింది. నేను చెప్పను, కానీ కంప్యూటర్ చెబుతుంది. మెయిల్ పేజీ తెరిస్తే పైన ఆమె పేరు, కింద ఆ పిలుపు. రోజూ ఆమే మూసి వెళ్లే ఖాతాను నేను మూద్దామంటే, ఆ మీట ఆ పూట పాత బ్రౌజర్‌లో కనిపించనే లేదు. మూసి తెరిచినా మళ్లీ ఆమె పేరే.

దీపం అప్పటికే వెలుగుతోంది. పెదనాయన అగరొత్తులు తిప్పుతున్నారు. ఒకరి గుర్తు మాత్రమే తీసేసే వీలు నాకు తెలియదు, ఊడిస్తే అన్నీ పోవాలి. నా నవల పేజీతో సహా అన్నీ ఊడ్చేశాను. కుర్చీ చప్పుడు కాకుండా లేచి, ఆయన వెనక నిలబడి దీపానికి దండం పెట్టుకున్నాను.

మరునాడు నేను బస్సు దిగేసరికి ఆ అన్న ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఏంది సెట్టిగారూ, నిన్నటిదాకా నా పేరు దానంతటదే వస్తా ఉండె. ఈ పొద్దు నువ్వెవరంటా ఉండాది."

పెదనాయన నావైపు ఒకసారి చూసి, త్రాసు వైపు తిరిగారు. "ముసల్ది గదప్పా, మతిమరుపు వచ్చింటాది. నీ పేరు నువ్వు మర్సిపోలేదు గదా, కొట్టు."

ఆ అక్క శిక్షణకు వెళ్లి వచ్చింది. ఇప్పుడు తలకు హెల్మెట్ పెట్టుకుని మా ఆఫీసు కిటికీ ముందునుంచే పలకల వరుసల్లోకి వెళుతుంది, నన్ను చూస్తే చెయ్యి ఊపుతుంది. ఆ సాయంత్రం సంగతి ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ల చేతిలో ఉంది. కుకీలకు ఒప్పుకుంటారా అని రోజంతా అడుగుతూనే ఉంటాయి, నేను చదవకుండానే ఒప్పుకుంటాను. బ్రౌజర్లు వాటంతటవే కొత్తవైపోతాయి, పాతదాని పక్షాన మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. ఒకరు కూర్చుని లేచిన చోట ఇంకొకరు కూర్చోవడం, ముందువాళ్ల గుర్తును మూడో మనిషి మెల్లగా తుడిచిపెట్టడం అనేవి ఇక అవసరం లేవు. సుఖమే. అయినా ఆ గోడవైపు కుర్చీ మీద మనసు పోతుంటుంది.

ఈ ఉద్యోగంలో చేరే ముందు పెదనాయనకు చెప్పి రావడానికి అంగడికి వెళ్లాను. కంప్యూటర్ మీద గోనెసంచి కప్పి ఉంది. ఆయన బెల్లం ముక్క ఒకటి చేతిలో పెట్టారు. మళ్లీ పావగడ వెళ్లేలోగా ఆయన పోయారు. ఆ రోజు మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచి అన్న మాటే నాతో ఆయన చివరి మాట:

"ఆ పొద్దు దీపం పెట్టినాక నువ్వు ఊడ్సిండేది నాకు తెలుసులే పాపా. చీపురు సప్పుడు రాలేదు గదా, లక్ష్మికి తెలిసిండదు."