విప్పించని గుప్పిట

బోగోలుకు తూర్పున, గాలి తిరిగితే సముద్రపు హోరు వినిపించే ఊళ్ళో పుట్టిన హజరత్తయ్య అయిదో తరగతి దాకా చదివాడు. ఆ చదువుతోనే పంచాయతీ మెంబరయ్యాడు. బడికి పెంకులు వేయించాడు. గడ్డి మొలవని చౌడునేలను మూడేళ్ళలో మొలగొలుకుల వరి పండే మడిగా మార్చాడు. వయసులో ఉండగా అల్లూరు చెడుగుడు పందెంలో ఒక్క కూతలో నలుగురిని తాకి వచ్చాడు. ఇవన్నీ ఊరికి తెలుసు. తెలియనివాళ్ళకు ఆయనే చెప్పేవాడు, తెలిసినవాళ్ళకు కూడా చెప్పేవాడు.

ఎండాకాలం సెలవుల్లో పిల్లల ఆటలకు తీర్పరి ఆయనే. పొద్దు వాలగానే ఇసుకదిబ్బ కింద నులకమంచం వేయించుకుని కూర్చునేవాడు. పదేళ్ళుగా చెప్పిన తీర్పుల్లో ఒక్కటీ తప్పు పోలేదని ఆయన గర్వం.

ఆ ఊరి పిల్లలకు ఉప్పాట మీద మోజెక్కువ. ఇసుకలో ఆరు అడ్డగీతలు గీస్తారు. ఒక్కో గీత మీద ఒక్కరు కాపలా. వాళ్ళ చేతికి చిక్కకుండా ఆరు గీతలూ దాటి, అవతల నుంచి పిడికెడు మన్ను తేవాలి. ఆ మన్నే ఉప్పు. దిబ్బంతా తెల్ల ఇసుక. ఆరో గీత అవతల మాత్రం కాలువ ఒడ్డు, తడి నల్లమట్టి. అందుకని ఉప్పు తెచ్చినవాళ్ళు తీర్పరి ముందు గుప్పిట విప్పి చూపాలి. ఓడిన జట్టు గెలిచినవాళ్ళను ఉప్పుమూటల్లాగా వీపున వేసుకుని బావిదాకా మోయాలి.

పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం మే నెల. ఒక జట్టులో హజరత్తయ్య మనవరాలు ప్రమీల. ఎదుటి జట్టులో ఊరి బయటి పాలెం పిల్ల పుష్పకుమారి. దాని తల్లి రెబెక్కమ్మ హజరత్తయ్య మడుల్లో నాట్లు వేసేది. పదకొండేళ్ళ ఆ పిల్ల పరుగెత్తితే పాదం ఇసుకలో దిగేది కాదు.

ఆనాడు కావలి నుంచి గుడ్డల మూటతో వచ్చిన మీరా మొహిద్దీన్ మంచం కొసన కూర్చున్నాడు. కొత్త చెవులు దొరికాయి కదా, హజరత్తయ్య అల్లూరు పందెం ఎత్తుకున్నాడు. మూడోవాడిని తాకడానికి చెయ్యి ఎట్లా చాచాడో చూపిస్తూ మొహిద్దీన్ వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి పుష్పకుమారి రొప్పుతూ, గుప్పిట బిగించి ఎదురుగా నిలబడి ఉంది. ఆ పిల్ల ఆరో గీత దాటలేదని, నడుమనే ఇసుక తీసుకుందని ప్రమీల జట్టు గోల పెడుతోంది.

"చూడండయ్యా," అని ఆ పిల్ల గుప్పిట చాచింది.

గుప్పిట విప్పిస్తే, తాను ఆట చూడలేదని మొహిద్దీన్ ముందు ఒప్పుకున్నట్టే.

"చూసినాలే. నువ్వు గీత దాటలా. అవుట్."

పుష్పకుమారి చెయ్యి వెనక్కి తీసుకుంది. వంగింది. ప్రమీలను వీపున ఎక్కించుకుని, కాళ్ళు పట్టుకోవడానికి అప్పుడు విప్పింది గుప్పిట.

ఇంటికొచ్చాక ప్రమీల పెరట్లో కాళ్ళు కడుక్కోబోతుంటే హజరత్తయ్య కంట పడింది: పిల్ల పిక్క మీద నాలుగు వేళ్ళ మేర నల్లమట్టి.

"నేను కాలవ కాడికే పోలా గదా తాతా, ఇదెట్టంటింది?"

ఆయన చెంబు అందుకుని నీళ్ళు పోశాడు. తన చేత్తోనే రుద్ది కడిగాడు.

మర్నాటికల్లా పుష్పకుమారికి 'దొంగుప్పు' అని పేరు పడింది. మొదట వెక్కిరింత. వారానికి చెంచురామయ్య తోటలో మామిడికాయలు పోతే, దొంగుప్పు ఏమైనా ఇటు వచ్చిందా అని పెద్దవాళ్ళే అడిగారు. ఆ పిల్ల ఆటకు రావడం మానేసింది. హజరత్తయ్య మాత్రం రోజూ మంచం మీద కూర్చునేవాడు. ఎవరు గుప్పిట విప్పినా ఆయనకు ఆ నల్లమట్టే కనిపించేది. అన్నం దగ్గర భార్య వెంకటశేషమ్మ ఒంట్లో బాగాలేదా అని అడిగితే ఎండదెబ్బ అన్నాడు.

నెలాఖరుకు రెబెక్కమ్మ హజరత్తయ్య పశువుల కొట్టం ఊడ్చి, చీపురు మూలపెట్టి ఆయన ముందు నిలబడింది.

"బళ్ళో కూడా అట్టనే పిలస్తారని పిల్ల బడికి పోనంటుండాదయ్యా. ఆ పేరు మీరు పెట్టలా. అయితే మీ మాటలోంచే పుట్టింది."

ఒక్క కూతలో నలుగురిని తాకిన మనిషికి ఆ ఆడమనిషి ముందు ఊపిరి చాలలేదు. 'చూడలేదు' అన్న ఒక్క మాట గొంతు దాటడానికి ఇంకా నాలుగు రోజులు పట్టింది.

బడి తెరిచే ముందురోజు ఆయనే పాలెం వెళ్ళి పుష్పకుమారిని దిబ్బ దగ్గరికి పిలుచుకొచ్చాడు. పిల్లలందరూ ఉన్నారు. చెంచురామయ్యకూ కబురుపెట్టి రప్పించాడు.

"ఆ పొద్దు నేను ఆట చూడలా. నా గొప్పలు చెప్పుకుంటా కూచున్నా. ఈ పిల్ల నల్లమట్టే తెచ్చింది. అది ప్రమీల కాలికి అంటుకొనుంటే, చూసి కూడా నేనే కడిగేసినా."

అని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. "ఎక్కమ్మా. బావిదాకా మోస్తా."

పుష్పకుమారి ఆయన వీపు వంక చూసింది.

"మీరు ఆటలో లేరు గదయ్యా," అంది. "ప్రమీల మోయాల."

ప్రమీల మూతి ముడుచుకుంది గానీ వంగింది. నాలుగడుగులు వేయగానే, "ఇంత బరువుండావేందే?" అంది.

"ఆ పొద్దు నువ్వేమన్నా దూదిమూటవా?" అంది వీపు మీది పిల్ల.

పిల్లలు నవ్వుకుంటూ వాళ్ళ వెంట పరుగెత్తారు. హజరత్తయ్య వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయి, తర్వాత మెల్లగా నడుము ఎత్తాడు. మోయడానికి ఆయనకు ఏమీ ఇవ్వలేదు ఆ పిల్ల.

పుష్పకుమారి బడికి వెళ్ళింది. పేరు మాత్రం ఒక్కరోజులో పోలేదు. రెండేళ్ళ దాకా ఎవరో ఒకరు నోరు జారేవారు. విన్నప్పుడల్లా హజరత్తయ్య తలపాగా సర్దుకునేవాడు.

మరుసటి ఎండాకాలం మొహిద్దీన్ మళ్ళీ వచ్చి మంచం కొసన కూర్చున్నాడు. "హజరత్తన్నా, ఆ నాలుగోవాణ్ణి ఎట్ట తాకినావో చెప్పనే లేదే," అన్నాడు.

"పిల్లలు ఆడతుండారు," అన్నాడు హజరత్తయ్య, ఆరో గీత మీంచి చూపు తిప్పకుండా.