బ్రిన్‌డూ గేటు ఇల్లు

రైలు కంపెనీ పద్ధతి ప్రకారం మొగుడు గ్యాంగులో పట్టాలు చూసుకోవాలి, పెళ్లాం పట్టాలు రోడ్డుని దాటేచోట గేటు తీసి వెయ్యాలి. మొగుడికి కూలి ఇస్తారు, పెళ్లానికి ఇల్లే కూలి. టుడుర్‌ని చేసుకుని లౌరి ఆ ఇంటికి వచ్చేనాటికి దానికి పలకరాయి కప్పు, రెండు గదులు, వెనక పందిదొడ్డి ఉన్నాయి. లీకు అనే లావు ఉల్లికాడల మడి ఆమే వేసుకుంది.

అప్పట్లో ఆ చిన్న కంపెనీకి ఉన్నది ఒకటే ఇంజను. గ్యాంగువాళ్లు దాన్ని అత్తగారు అనేవాళ్లు. పొద్దున రుసరుసలాడుతూ లోయ పైకి పోయేది, సాయంత్రం దిగొచ్చేది. అత్తగారు గడప దాటాక ఇక భయమేముంది? బండి వస్తే బూర ఊది హెచ్చరించాల్సిన కాపలావాడు బూర పక్కన పెట్టి తనూ పార అందుకునేవాడు. మేస్త్రీ కూడా ఏమీ అనేవాడు కాదు. పట్టాల మీద గొర్రెలు పడుకునేవి.

తర్వాత కంపెనీ పెద్దలకు కొండ అవతలి పలకరాయి క్వారీల మీద కన్నుపడింది. కొండ తవ్వారు, బురదనేల మీద పొదలు పరిచి కట్ట పోశారు, ఎక్కడో వాడి పడేసిన ఇంకో ఇంజను కొన్నారు. దానికి వేళాపాళా లేదు. పెట్టెలు ఎప్పుడు నిండితే అప్పుడు పై స్టేషన్లో మొదటి బండిని తప్పించుకుని కిందికి వచ్చేది. పై స్టేషన్ నుంచి తీగతో మోగించే గంట ఒకటి లౌరి ఇంట్లో కట్టారు. అది మోగితే గేటు వెయ్యాలి. గ్యాంగుకి మాత్రం కంపెనీ అధికారి ప్రొథరో దొర వచ్చి, కాపలావాడు బూర వదలకూడదని ఇంగ్లీషులో చెప్పి వెళ్లాడు. మేస్త్రీ దాన్ని వాళ్ల భాషలో సగం చెప్పాడు. అందరూ తలలూపారు.

ఆకులు రాలే కాలంలో ఒక తడి పొద్దున, వంపు అవతల టుడుర్ పట్టాల కింది తూము పూడిక తీస్తున్నాడు. కాపలా మేరిగ్‌ది. ఇద్దరూ చిన్నప్పటినుంచీ స్నేహితులు. అత్తగారు పైకి వెళ్లిపోయింది. వానకి తూము పొంగుతోంది, టుడుర్ ఒక్కడివల్ల కావడం లేదు. మేరిగ్ బూర గోడమీద పెట్టి పార తీసుకున్నాడు. లౌరి ఇంట్లో గంట మోగింది. ఆమె గేటు వేసి, చేతులు తుడుచుకుంటూ నిలబడింది. రెండో ఇంజను పలకరాయితో వంపు తిరిగింది. మేరిగ్ పక్కకి దూకగలిగాడు.

విచారణలో మేరిగ్ దాచకుండా చెప్పాడు. ప్రమాదం అన్నారు. కంపెనీకి మనుషులు చాలక అతన్ని పనిలోనే ఉంచారు. ఆ తర్వాత లౌరి గడపలో పొద్దున్నే ఎవరో బంగాళదుంపలు, బొగ్గు పెట్టి పోవడం మొదలైంది. ఆమె వాటిని ముట్టలేదు. బొగ్గు వానకి నానింది.

ప్రొథరో దొర టోపీ తీసి లోపలికి వచ్చాడు. పండగలోపు ఇల్లు ఖాళీ చెయ్యాలని మెత్తగానే చెప్పాడు.

"గేటు వేసేది నేనేగా దొరగారూ," అంది లౌరి.

"గేటు వేసేది గ్యాంగువాడి పెళ్లాం అమ్మా. నువ్విప్పుడు ఎవరి పెళ్లానివి?"

లౌరికి పుట్టిల్లు లేదు. మిగిలింది పట్నంలోని పేదలశాల. అక్కడ తల్లిని ఒక గోడకి ఇవతల, పిల్లని అవతల ఉంచుతారు. కూతురు నెస్తకి ఇంకా మాటలు సరిగా రావు. తల్లి కొంగు వదిలితే నిద్రపోదు.

మర్నాడు లౌరి పిల్లని శాలువాలో కట్టుకుని గ్యాంగు పాకకి వెళ్లింది. ఆమెను చూసి మిగతావాళ్లు లేచి బయటికి పోయారు. మేరిగ్ లేచి నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చిందనుకున్నాడు, ఆ మాటే అన్నాడు.

"తిట్టుకోవడానికి తర్వాత బోలెడు కాలం ఉంటుంది," అంది ఆమె. "గ్యాంగులో పెళ్లికానివాడివి నువ్వొక్కడివే."

అతనికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది.

"ఊరు ఏమంటుంది లౌరీ?"

"ఊరు నా పిల్ల నెత్తిన కప్పు వేస్తుందా?"

"కళ్లు మూస్తే వాడే కనబడతాడు నాకు. నీ ఎదురుగా కూర్చుని కూడు ఎలా తినను?"

"గోడవైపు తిరిగి తిను."

ప్రార్థన మందిరంలో పెళ్లికి మేస్త్రీ, అతని భార్య తప్ప ఎవరూ రాలేదు. ప్రొథరో దొర సంతోషించాడు; కొత్తగా వచ్చేవాడి పెళ్లానికి గేటు పని నేర్పే బాధ తప్పింది. రైలు దారి ఇంకా ముందుకి, సముద్రం దాకా సాగింది. మూడో ఇంజను వచ్చింది. మేరిగ్ తాగేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. లౌరి అతని చొక్కాలు ఉతికేది, జావ పోసేది. పని ఉంటేనే మాట్లాడేది. గొర్రెలు కాచేవాళ్లు ఆమె వెనక కూసిన కూతలకి తల తిప్పేది కాదు.

ఒక ఎండపూట మేరిగ్ నెస్త బూటుకి మేకు కొడుతున్నాడు. పిల్ల అతని మోకాలికి ఆనుకుని, ఎవరూ నేర్పకుండానే, "నాన్నా, రెండోది కూడా," అంది. సుత్తి ఆగింది. మేరిగ్ లౌరి వైపు చూశాడు. ఆమె పిల్లని సరిదిద్దలేదు. చేతిలో గిన్నె కింద పెట్టి, బయటికి వెళ్లి రోడ్డుకి అడ్డంగా గేటు వేసింది.

గంట మోగలేదు. ఉన్ని మూటల బండివాడు వచ్చి ఆగాడు. పట్టాలు రెండు వైపులా చూశాడు.

"బండేదీ రావడం లేదు కదమ్మా," అన్నాడు.

"ఉండవయ్యా," అంది లౌరి, గేటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని. "కాసేపు ఉండు."