ఖాళీ పెట్టెలో నిలబడని ప్రాజెక్టులు

మా బావమరిది సోమవారం పొద్దున ఆత్మకూరులో, ఇంట్లోనే చనిపోయాడు. ఫిట్స్‌తో పోయాడని అందరూ అంటున్నారు. ఆ ఫిట్స్ ఏ దెబ్బతో మొదలయ్యాయో మాత్రం ఎవరూ అనడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఉదయగిరి వైపు ఒక ప్రైవేటు కాలేజీలో అతను కంప్యూటర్ ల్యాబ్ చూసేవాడు. పిల్లల ప్రోగ్రాములు వాళ్ల లాప్‌టాప్‌లలో నడిచేవి, ఇంకో మిషన్‌లో పెడితే చతికిలబడేవి. అందుకని కంటైనర్లు నేర్పాడు. కంప్యూటర్ లోపల అదొక ఖాళీ పెట్టె. అందులోకి ఏమేమి రావాలో పిల్లవాడు ఒక ఫైల్‌లో వరసగా రాయాలి. రాయనిది లోపలికి రాదు. ప్రోగ్రాం అక్కడే తయారై అక్కడే నడవాలి. ప్రతి శనివారం సాయంత్రం పెట్టెలన్నీ చెరిపేసి, ఆ ఫైల్‌తో మళ్లీ కట్టమనేవాడు. పిల్లలు మొత్తుకునేవాళ్లు.

"కూలిస్తే మళ్లీ కట్టలేనోడివి, నేను కట్టినాను అని ఎట్ట చెప్పుకుంటావు రా?" అనేవాడు.

నేను లైబ్రరీలో తలనెరిసినవాణ్ణి. "ఏందిరా, వారం వారం కూలగొట్టడమేనా నీ ఉద్యోగం?" అన్నాను ఒకసారి.

"నువ్వు చదివిన పుస్తకాల్లో ఒకటి, మూసేసి చెప్పు బావా, చూద్దాం."

వంటింట్లో మా ఆవిడ పకపకా నవ్వింది.

నిరుడు ఆఖరి సంవత్సరం పిల్లలు పదకొండు మంది ప్రాజెక్టులు కొనుక్కొచ్చారు. అమ్మింది కాలేజీ నడిపే కరస్పాండెంటు తమ్ముడు. ఖాళీ పెట్టెలో పెట్టగానే పదకొండూ కూలాయి. మావాడు వాటి మీద సంతకం పెట్టలేదు. కరస్పాండెంటు పిలిపించాడు.

"పెట్టె గిట్టె ఎందుకు అబ్బాయా? నడస్తానే ఉండాది గదా!"

"నడస్తానే ఉండాది సార్, మీ తమ్ముడి లాప్‌టాప్‌లో. మార్కులు ఆయనకే వేసేదా?"

మర్నాడు నలుగురు గడ్డపారలతో ల్యాబ్‌లోకి వచ్చి స్క్రీన్లు పగలగొట్టారు. అతని కుడిచేతిని టేబుల్ మీద పరిచి కీబోర్డుతో, అది విరిగాక గడ్డపారతో కొట్టారు. తల మీద ఒకటి వేసి పోయారు. నేను వెళ్లేసరికి గాజు పెంకుల్లో కూర్చుని రక్తం ఉమ్ముతున్నాడు.

"సంతకం పెట్టలేదు బావా," అన్నాడు.

కేసు లేకుండా పెద్దమనుషులు రాజీ కుదిర్చారు. "ఊళ్లో బతకాల గదా సార్," అని నాకు పెన్ను ఇచ్చారు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను ఆ రాజీ కాగితం మీద సాక్షిగా సంతకం చేశాను.  అతను ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకున్నాడు.

సోమవారం కరస్పాండెంటు మనిషంత దండతో దిగాడు. "కాలేజీకి తీరని లోటు," అంటూ శవం మీద వేశాడు. దండ లాగి విసిరేశాను. చేతికర్రతో అతని మోకాలి మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. జనం నన్ను పట్టుకున్నారు.

"సావు కాడ ఏంది పెద్దాయనా ఇది?"

"చంపిన కాడ యాడ బోయినార్రా మీరంతా?" అన్నాను. ఆ మాట నాకూ తగిలింది.

దండ పోయి కంపచెట్ల మీద పడింది. పాడె లేచేసరికి రెండు మేకలు ముందుకాళ్లు ఎత్తి గులాబీలు తుంపుకుని తింటున్నాయి. కరస్పాండెంటు కారు తలుపు పట్టుకుని, మోకాలు రుద్దుకుంటూ చూస్తున్నాడు. ఆ మేకల్ని ఎవరూ అదిలించలేదు.