నేను అందించని కబురు

స్వైన్ ఫ్లూ భయం గుంటూరును పట్టుకున్న రోజుల్లో నా కూతురికి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. బ్రాడీపేటలో మేము అద్దెకుంటున్న వాటా కింద మందుల షాపు ఉంది. మాస్కులు లేవని షాపతను కేకలేస్తుంటే, పైన నేను కిటికీ రెక్కలు మూసేదాన్ని.

పేపర్లో ఆ జబ్బు గురించి ఏ మూల రాసినా వదిలేదాన్ని కాదు. డబ్బున్న దేశాలు టీకా తయారు కాకముందే తమ వాటా రాయించేసుకున్నాయట. అందరూ కూర్చుని మాట్లాడుకున్నాక, మిగతా దేశాలకూ కొంత ఇస్తామన్నారట. "వాళ్ల పిల్లలే పిల్లలా? మన పిల్లలు కాదా?" అని భోజనాల దగ్గర మా ఆయన మీద ఎగిరేదాన్ని, ఆ టీకాలన్నీ ఆయనే దాచిపెట్టినట్టు. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను కదా, నా మాటకు ఎదురుండేది కాదు.

మనవాళ్లు తయారుచేస్తున్న టీకా ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఈలోగా బయటి నుంచి వచ్చిన కొద్దిపాటి టీకా ఆసుపత్రి సిబ్బందికే అన్నారు. మా ఆయన అక్క ఊరి చివర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. పసిబిడ్డలకు ఆ టీకా వెయ్యరని నాకు తెలుసు. తల్లికి జబ్బు రాకపోతే బిడ్డకూ రాదన్నది నా ఆశ. సిగ్గు విడిచి వదినను అడిగాను.

"లిస్టులో ఉన్నవాళ్లకే అమ్మాయ్," అంది వదిన. "కాకపోతే సీసా తెరిచాక మా దగ్గర ఆ పూటకే వాడాలంటారు. సాయంత్రం దాకా కూర్చో. మిగిలితే వేస్తా. మిగలకపోతే మాత్రం నా ముందు ఏడవకు."

ఆ సాయంత్రం పాపను ఒళ్లో వేసుకుని వరండా బెంచీ మీద కూర్చున్నాను. జ్వరాల వార్డులో పనిచేసే ఆయా దగ్గుకుంటూ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతులకు ఆముదం రాసుకుంది. మిరపకాయల సీజన్లో పొద్దున పూట గోడౌన్లో తొడిమలు తీసి, మధ్యాహ్నం నుంచి వార్డుకు వచ్చేది.

నేను పాప మొహం మీదికి కొంగు లాగాను.

ఆమె చూసింది. బెంచీ రెండో చివరికి జరిగి నిలబడింది. "జరం దగ్గు కాదమ్మా. కాయల ఘాటు."

ఆ మాట నాకు ఒకరు చెప్పాలా? అద్దంకి పక్కన మిర్చి కళ్లాల్లో పెరిగినదాన్ని. ఘాటు దగ్గు ఎలా ఉంటుందో, జ్వరం దగ్గు ఎలా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. అయినా కొంగు తియ్యలేదు.

అటుగా వెళ్తున్న కాంపౌండరు ఆమెను ఆటపట్టించాడు. "ఏంటి, ఇయ్యాల ధైర్యం చేశావా? ఫారిన్ మందు. పొద్దున లేచేసరికి ఇంగ్లీషు వచ్చేసిద్ది, చూసుకో!"

"రానియ్యండి సార్. డాక్టర్లు నన్నేమని తిడుతున్నారో అప్పుడన్నా అర్థమయిద్ది."

నాకూ నవ్వొచ్చింది. అంతలో వార్డులోంచి పిలుపు వచ్చింది. ఆమె నా వైపు తిరిగింది. "అమ్మా, పేషెంటుని ఎక్స్‌రే కాడికి తీసుకెళ్లొస్తా. నాదొకటి ఉంచమని సిస్టర్‌కి చెప్పండి. రెండుసార్లు భయపడి పారిపోయాను గానీ, ఇయ్యాల ఏయించుకుంటా."

"చెప్తాలే," అన్నాను.

కాసేపటికి వదిన తలుపు దగ్గరికి వచ్చింది. "ఇంకొక్కటే ఉంది. ఆయా ఏది, ఇక్కడే ఉందన్నారే?"

పాప నా వేలు పట్టుకుని ఉంది. అంతగా దగ్గే మనిషికి ఇప్పుడు టీకా ఎందుకు, ఆ జబ్బు ఈపాటికే వచ్చి ఉంటుందిలే అనుకున్నాను. ఘాటు దగ్గని తెలిసి తెలిసి అనుకున్నాను.

"ఇంటికెళ్లిపోయినట్టుంది వదినా."

"నేను అనుకుంటూనే ఉన్నా. సూదంటే దానికి దడ," అంటూ వదిన నా జబ్బకు వేసేసింది. పారబోసే మందు మనింటి పిల్లకు పనికొచ్చిందని ఆమె సంతోషం.

జబ్బ మీద దూది ఒత్తుకుంటూ ఉండగానే ఆయా రొప్పుతూ వచ్చింది. "సిస్టర్, నాది?"

"అదేంటి, ఇంటికెళ్లావన్నారు?"

"ఎక్స్‌రే కాడికెళ్లానండి. చెప్పమని..." అంటూ నా వైపు చూసి ఆగింది. నా చేతిలోని దూదిని చూసింది. నేను పాప చొక్కా గుండీ పెట్టసాగాను. అది పెట్టే ఉంది.

"నేనే సరిగ్గా చెప్పినట్టు లేనండి," అంది ఆమె. "మళ్లీ వస్తయ్‌గా?"

"ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు? పైవాళ్లు పంపాలి, మనకు రావాలి," అని వదిన ఖాళీ సీసాను డబ్బాలో పడేసింది. నా వంక చూడలేదు.

ఇంటికొచ్చాక పేపరు తెరవలేదు. మా ఆయన అన్నం కలుపుకుంటూ, "ఏంటి, ఇవాళ ఆ దేశాల వాళ్లకు సెలవిచ్చావా?" అన్నాడు. జబ్బ నొప్పిగా ఉందన్నాను.

పది రోజులయ్యాక ఇక ఆగలేక, నిజం చెప్పి క్షమించమని అడుగుదామని పాపను ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్లాను. అప్పటికింకా మళ్లీ టీకాలు రాలేదు. ఆమె అదే వార్డులో, గుడ్డ మాస్కు కట్టుకుని బెడ్‌షీట్లు మూటగడుతోంది. కొంగు కప్పకుండా, పాపను రెండు చేతులతో ఆమె ముందుకు చాచాను. ఎత్తుకుంటుందనుకున్నాను. ఎత్తుకుంటే చెప్పడం తేలికవుతుందనుకున్నాను.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దమ్మా, దూరంగా ఉంచండి. జరాల్లో తిరిగేదాన్ని. మీరేయించుకున్నా, పాపకి లేదుగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె కళ్లలో వెతికాను. లేదు. ఆ రోజు నా కొంగు చూసి నేర్చుకున్న జాగ్రత్త అది.

"జబ్బ నొప్పి తగ్గిందా అమ్మా?" అని అడిగింది. తగ్గిందన్నాను. చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే పాపను భుజాన వేసుకుని ఆటో ఎక్కాను.

ఇప్పుడు పాప నిద్రపోయింది. ఈ వానాకాలంలో మన దేశంలో చేసిన టీకా వచ్చింది, ఆయాకూ వేశామని వదిన చెప్పింది. వినగానే బరువు దిగినట్టయింది, వెంటనే ఆ తేలికకు సిగ్గేసింది. అన్ని నెలలూ ఆ వార్డులో ఆమెకు ఏమీ కాలేదు. అందులో నా మంచితనం ఏమీ లేదు. వదినకు కూడా నేను ఇంకా నిజం చెప్పలేదు.