పరుపుకీ కుర్చీకీ మధ్య

నా రెండు మోకాళ్ల మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. దేవుడి మీద వేయాల్సిన ఒట్లన్నీ పట్టుచీరలు అమ్మేటప్పుడే అయిపోయాయి. ఇప్పుడు నా దగ్గర మిగిలిన పవిత్రమైన వస్తువులు ఇవే. ఇవీ సగం అరిగాయి.

తెనాలిలో ఒక బట్టల కొట్లో చీరల సెక్షన్ నాది. పొద్దున తెల్ల పరుపు మీద కూర్చుంటే వచ్చినవాళ్లకల్లా చీరలు విప్పి చూపించడమే పని. లేచి పైఅర అందుకోవడం, మళ్లీ కూలబడటం. జనం అన్నీ చూసి, ఫోన్లో ఫొటోలు తీసుకుని, "మళ్లీ వస్తామండి" అని వెళ్లిపోతారు. వాళ్లు మళ్లీ రారని నాకంటే ముందు నా మోకాళ్లకి తెలిసిపోతుంది.

అందుకే మా యజమాని బాపట్లలో కొత్త బ్రాంచి పెడుతున్నారని, మాలో ఒకరిని మేనేజరుగా పంపుతారని తెలిసినప్పుడు నాకు జీతం గుర్తు రాలేదు, హోదా గుర్తు రాలేదు. మేనేజరుకి కుర్చీ ఉంటుంది. అంతే.

పోటీకి ఉన్నది ఒక్కరే, నా పక్కన కూర్చునే ఆవిడ. రోజూ రేపల్లె నుంచి రైల్లో వస్తుంది. కొట్టు తాళాలు తీసే వేళకే మెట్ల మీద ఉంటుంది. నేను కథలు చెబుతూ చీరల గుట్ట విప్పేస్తే, తను నన్ను దెప్పుతూనే వాటిని పాత మడతల మీదే మడిచేసేది.

"అన్నయ్యా, నీ కథ చీరకన్నా పొడుగు. కాస్త కొంగు దగ్గరైనా ఆపు."

"కథ లేకపోతే చీర అమ్ముడుపోదమ్మా."

"మడత లేకపోతే రేపు చూపించడానికి చీరే ఉండదు."

ఆ రోజుల్లోనే కొల్లిపర నుంచి ఒక పెళ్లివారు వచ్చారు. పెళ్లికూతురి నాయనమ్మకి ఏదీ నచ్చలేదు. గుట్ట నా గడ్డం దాకా పెరిగింది. గల్లా దగ్గర నుంచి యజమాని చూస్తున్నారు. ఇక లాభం లేదని ఒక చీర ఒళ్లో పెట్టుకుని గొంతు తగ్గించాను.

"మామ్మగారూ, ఇది ఈపురుపాలెంలో ఓ పెద్దాయన నేసిందండి. ఆయన నేసిన చీర కట్టుకుని పీటల మీద కూర్చున్న పిల్ల ఒక్కతి కూడా పుట్టింటికి ఏడుస్తూ రాలేదు. అంత చల్లని చెయ్యి ఆయనది."

ఆవిడ చీర కళ్లకద్దుకుని కొనేశారు. నేను అప్పుడే కుర్చీలో సగం కూర్చున్నట్టు అనిపించింది.

మర్నాడు ఆవిడ పసుపు రాసిన శుభలేఖ పట్టుకుని మళ్లీ వచ్చారు.

"అబ్బాయ్, ఇది ఆ పెద్దాయనకివ్వు. మా పిల్ల నెత్తిన ఆయన చేత్తో అక్షింతలు పడాల్సిందే. కారు పంపమంటే పంపుతాం."

"తప్పకుండా తీసుకొస్తాడండి. మావాడికి బాగా తెలిసినాయన," అన్నారు యజమాని, నా వైపు చూడకుండానే. పక్కనావిడ మడిచే చీరలో మొహం దాచుకుని నవ్వుతోంది.

సెలవు రోజున చీరాలలో రైలు దిగి, ఆటోలో ఈపురుపాలెం వెళ్లాను. మగ్గం చప్పుడు వినిపించిన ప్రతి గుమ్మం ముందూ ఆగాను. కొందరు నవ్వారు. ఒకాయన తిట్టాడు. చివరికి అరుగు మీద నూలు చుట్టుకుంటున్న ముసలాయన ఒకడు అంతా విని తలెత్తాడు.

"అబద్ధం నువ్వాడి, అక్షింతలు నన్నెయ్యమంటావేంటయ్యా?"

"తప్పలేదు బాబాయ్."

"గారెలు పెడతారా?"

"కొల్లిపర పెళ్లండి. అడగాలా?"

"అయితే ఆ చీర నేనే నేశాలే."

వచ్చాడు. ఉతికిన కండువా వేసుకుని మరీ వచ్చాడు. అక్షింతలు వేశాక పిల్ల ఆయన కాళ్లకి మొక్కితే నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. గారెలు అడిగి మళ్లీ వేయించుకున్నాడు. ఆ తర్వాత కొల్లిపర జనం ఆయన చేతి చీరలే కావాలంటూ మా కొట్టుకి కట్టగట్టుకుని వచ్చారు. నేను విప్పుతూనే ఉన్నాను. పక్కనావిడ మడుస్తూనే ఉంది.

కుర్చీ ఆవిడకే వచ్చింది.

యజమాని నన్ను పక్కకి పిలిచి భుజం మీద చెయ్యేశారు. "నిన్ను కుర్చీలో కూర్చోబెడితే పరుపు మీద కథ చెప్పేదెవరయ్యా? ఈ కొట్టు నడిచేదే నీ నోటి మీద," అన్నారు.

బాపట్ల వెళ్లేముందు ఆవిడ వచ్చి చెప్పింది. "నువ్వు విప్పింది అందరూ చూశారన్నయ్యా. నేను మడిచింది యజమానిగారొక్కరే చూశారు. అటు వచ్చినప్పుడు నా కుర్చీలో కాసేపు కూర్చుందువుగాని."

ఇక ఒట్టు సంగతి. ఈపురుపాలెం ముసలాయన, ఆయన గారెలు, ఆయన కన్నీళ్లు, అన్నీ జరిగినవే. నేను కల్పించింది ఒక్కటే, యజమాని నన్ను పక్కకి పిలవడం. ఆయన పిలవలేదు. బాపట్ల కొట్టు తాళాలు ఆవిడ చేతికిచ్చి, నా వైపు తిరిగి, "ఆ గుట్ట అలాగే ఉందేంటి, మడువు," అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పలేక, దారిలో నడుస్తూ ఆ పొగడ్త తయారు చేసుకున్నాను. మా ఇంట్లో నమ్మారు. ఒట్టు తప్పినందుకు ఈ సగం అరిగిన మోకాళ్లు ఇంతకన్నా ఏం చేస్తాయి కనుక?

ఇప్పుడు నా గుట్ట నేనే మడుచుకుంటున్నాను. చీర ఇంకా పాత మడతకి రావడం లేదు.